ఒక దారి - రెండు పనులు

పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు మచిలీపట్టణము ముఖ్యమైన రేవు. రేవునకును రాజధానికిని నడుమ ఎద్దుబండ్లమీదను, పెరికెడ్లమీదను సరకులు సాగుచుండెడివి. నేడు ఆ రెండు చోటులను కలుపునది పూణే నుండి మచిలీపట్టణము వరకు పోవు జాతీయ రహదారి. పూర్వము దీని సంఖ్య 9. 2010లో సంఖ్యలు మార్చినపుడు 65 అయినది.

హైదరాబాదు తూర్పుభాగమున ఈ దారి దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్‌ల మీదుగా పోవును. ఒకప్పుడు ఇవి నగరమునకు వెలుపలి ప్రదేశములు. దారి ఉండుటచేతనే ఇండ్లును, అంగళ్ళును, పాఠశాలలును దాని కిరువైపుల వెలసెను. రహదారి క్రమముగా వీధిగా మారెను. లారీ ఆగక పోవలెననును. బడిపిల్లవాడు దారి దాటవలెననును. ఒక ఒరలో రెండు కత్తు లిముడునా?

కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెడిది. వేసవి వచ్చిన మామిడికాయల లారీలు అచట బారులు తీరుచుండెడివి. పండు ఎవరి కొరకును వేచియుండదు. ఎండలో లారీ నిలిచిన ప్రతి గడియయు రైతునకు నష్టమే.

దారిని వెడల్పు చేసినంతమాత్రమున చిక్కు తీరదు. వెడల్పైన దారికి మరిన్ని బండ్లు వచ్చును. కావున రెండు పనులను వేరుచేయవలసి వచ్చెను. నగరము చుట్టును 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి నిర్మింపబడెను. విజయవాడ నుండి ముంబయి పోవు లారీ ఇపుడు పెద్ద అంబర్‌పేట వద్ద దానిపై కెక్కి, నగరమును చుట్టి, పటాన్‌చెరు చేరువన మరల 65వ రహదారిని చేరవచ్చును. 2018లో ఎల్బీ నగర్ వరకు మెట్రో రైలు నడచెను. ఎల్బీ నగర్ కూడలిలో పైవంతెనలును, క్రిందిమార్గములును ఏర్పడెను. 2021-22లో పండ్ల మార్కెట్టు వలయ రహదారి చెంతనున్న బాటసింగారమునకు తరలెను.

ఈ మార్పు అందరికిని సుఖముగా జరుగలేదు. మార్కెట్టునే నమ్ముకొని చుట్టుప్రక్కల కాపురమున్న హమాలీలకును, చిల్లర వ్యాపారులకును పనిచోటు దూరమయ్యెను. రహదారి లెక్కలో వారి శ్రమయు చేరవలసినదే.

వలయ రహదారి మీదికి నిర్ణీత స్థలములందు తప్ప బండ్లు ఎక్కరాదు, దిగరాదు. పాదచారులకు అచట ప్రవేశము లేదు. ఈ కట్టుబాటే దాని బలము. అది సడలిననాడు అచటను అంగళ్ళు వెలయును. దిల్‌సుఖ్‌నగర్ కథయే మరల మొదలగును.