రెఫరీ పనితీరును అంచనా వేసేదెలా?

దంతెవాడ సహా బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల క్రీడాకారులు పాల్గొన్న 2024 బస్తర్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఒక క్రీడాంశం. వీడియో సమీక్ష సదుపాయం లేని గ్రామీణ మైదానాల్లో రెఫరీ కంటిచూపే ప్రమాణం. అందుకే రెఫరీ పనితీరును అభిమాన జట్టు గెలుపోటములతో కొలవరాదు.

ముందుగా గమనించవలసినది రెఫరీ నిలిచే చోటు. బంతికి చేరువగా ఉంటూనే, సహాయ రెఫరీ కూడా కనిపించేలా కదులుతున్నారా? ఫౌల్‌కు గురైన జట్టుకు ఆట సాగితేనే మేలు కలిగేటప్పుడు ఈల వేయకుండా ఆగారా? ఆ మేలు కొద్ది క్షణాల్లో దక్కకపోతే తిరిగి ఫ్రీ కిక్ ఇచ్చారా? మొదటి నిమిషంలో తప్పుగా ఎంచినదాన్ని చివరి నిమిషంలోనూ తప్పుగానే ఎంచారా?

ఫుట్‌బాల్ నిబంధనావళిలోని 5వ నియమం ప్రకారం ఆటకు సంబంధించిన వాస్తవాలపై రెఫరీదే తుది నిర్ణయం. దానిని ఓడిన జట్టు సైతం మనస్ఫూర్తిగా అంగీకరించేలా చేసేది ఈ నిలకడే.