సుగ్గికి పోయే పిల్లకు పాఠం ఎట్లా అందాలి?

దసరా దాటిందంటే మా తరగతి పలచబడుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద మండలాల్లో వానను నమ్ముకున్న సేద్యమే ఎక్కువ. ఉన్న పంట ఇల్లు చేరాక చేతికి పని దొరకదు. పత్తి తీయడానికి, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు, తెలంగాణ వైపు కుటుంబాలు కుటుంబాలే సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెబడుల్లో లెక్కలు చెబుతున్న నాకు డిజిటల్ చదువు మాట వినబడితే ముందు గుర్తొచ్చేది ఆ పిల్లలే.

బడిలో పరికరాలు లేవని అనను. నాడు-నేడు పథకంతో హైస్కూలు గదుల్లోకి పెద్ద తెరలొచ్చాయి. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పాఠాలు మెమరీ కార్డులోనే ఉండటం వాటిలో నాకు బాగా నచ్చిన సంగతి, నెట్‌తో పనిలేదు. కానీ గోడ మీది తెర సుగ్గికి రాదు. ట్యాబ్ తీసుకెళ్లమంటే ఒక తండ్రి, "పోగొడితే దుడ్డు ఎవరు కట్టాల సార్? మేముండేది గుడిసెలో, కరెంటు యాడుంటాది?" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే.

ఇంట్లో ఫోన్ ఉంది కదా అంటారు. అది తెల్లారకముందే నాన్న జేబులో చేనుకు పోతుంది. పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే (2024) ప్రకారం దేశంలోని పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల పిల్లల్లో సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు మగపిల్లల్లో 36 శాతం, ఆడపిల్లల్లో 27 శాతం. అందుకే నేను గంట వీడియోలు పంపను. అయిదు నిమిషాల ఆడియో, నాలుగు లెక్కలు, అవి కూడా వాళ్లు బయలుదేరకముందే ఫోన్‌లోకి ఎక్కిస్తాను. రాత్రి అన్నం తిన్నాక వింటే చాలు.

సుగ్గికి పోకుండా బడిలోనే ఉండి వెనకబడే పిల్లలూ ఉన్నారు. మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయికి చూపు బాగా తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెడితే తెలుగును చదివి వినిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ మనకు అందే ప్రశ్నపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో కొట్టినవి. కంటికి తెలుగులాగే కనిపిస్తాయి, ఫోన్‌కు మాత్రం అర్థంలేని గుర్తులు. స్కాన్ చేసిన పేజీ అయితే అసలు నోరే విప్పదు. ఒకరోజు కూర్చుని ఒక ప్రశ్నపత్రాన్ని ఫోన్ చదవగలిగే యూనికోడ్‌లో తిరిగి కొట్టాను. బొమ్మ ఉన్నచోట బొమ్మను మాటల్లో రాశాను: త్రిభుజం ఏబీసీ, బీ దగ్గర లంబకోణం, ఏబీ 6, బీసీ 8 సెంటీమీటర్లు, ఏసీ ఎంత? వాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, నేను బోర్డు దగ్గరకు చేరేలోపే "పది సార్" అన్నాడు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఇక నుంచైనా ప్రతి ప్రశ్నపత్రం, ప్రతి వర్క్‌షీట్ యూనికోడ్‌లోనే తయారవ్వాలి. దీనికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు.

ఆదోనిలో ఉర్దూ మీడియం పిల్లలున్నారు, సరిహద్దు ఊళ్లలో కన్నడ మీడియం పిల్లలున్నారు. వాళ్లకు వాళ్ల భాషలోనే పాఠం దొరకాలి, అర్థం కాని వీడియో ముందు కూర్చోబెడితే హాజరు నిండుతుందంతే.

వలస పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లున్నాయి. లారీ కదలకముందే అవి తెరుచుకుంటే ఆడపిల్లలు ఊళ్లోనే నిలబడతారు. తీరా వెళ్లినవాళ్లను పోయినచోట బడి చేర్చుకోవాలి, ఏడాది మధ్యలో వచ్చారని కాదనకూడదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన హక్కిది. అందుకే దసరా సెలవులకు ముందే ఎవరు ఏ ఊరికి పోతున్నారో రాసుకుంటున్నాం. ఆ ఊరి హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, మా పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిందో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.