ఈ రోజు చూడకపోతే ఏమవుతుంది?

మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారు ఉన్నారా? రోజూ రాత్రి వారి కాళ్లు చూడమని మేము చెబుతాము. మీరు నాలుగు రోజులు చూస్తారు, తరువాత మానేస్తారు. "నొప్పేమీ లేదుగా సిస్టర్" అంటారు. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం. చాలాకాలం షుగరు ఎక్కువగా ఉంటే కాళ్ల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు.

బద్ధకం వేసిన రోజున ఒక్క ప్రశ్న వేసుకోండి: చూడకపోతే ఏమవుతుంది? చిన్న పొక్కు పుండు కావచ్చు. రక్తప్రసరణ తగ్గితే అది త్వరగా మానదు. చీము పట్టి ఎముకకు పాకితే వేలు, ఒక్కోసారి పాదమే తీసివేయవలసి వస్తుంది. సంపాదించే మనిషి మంచాన పడతారు. ఆయన్ని చూసుకోవడానికి మీలో ఒకరు పని మానుకోవాలి. దీని పక్కన ఐదు నిమిషాల శ్రమను పెట్టి తూచి చూడండి.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందే గమనిస్తే చాలావరకు ఆపగలము.

• కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి.
• వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి.
• ఇంట్లో కూడా చెప్పులు వేయించండి.
• ఆనికాయలను బ్లేడుతో కోయవద్దు.
• ఎరుపు, పొక్కు, పుండు కనిపిస్తే పసరు పూసి ఎదురుచూడవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పెద్దవారిని మందలించకండి. "నాన్నగారూ, కాళ్లు ఇటు పెట్టండి" అంటే చాలు. ఈ రాత్రే మొదలుపెట్టండి.