రెండున్నర లక్షల మందిని అడిగినా లెక్క తప్పింది

2021 మే నాటికి అమెరికాలో పెద్దవాళ్లు ఎంతమంది కొవిడ్ టీకా కనీసం ఒక డోసైనా వేయించుకున్నారు? ఫేస్‌బుక్ వాడేవాళ్లను ఇదే ప్రశ్న అడుగుతూ కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బృందం నడిపిన సర్వేకు వారానికి రెండున్నర లక్షల దాకా జవాబులు వచ్చేవి. వార్తాసంస్థ ఆక్సియోస్, సర్వేల సంస్థ ఇప్సోస్ కలిసి నడిపిన సర్వే అడిగింది వెయ్యి మందినే. ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కలతో సరిచూస్తే చిన్న సర్వే దగ్గరగా వచ్చింది, పెద్దది 17 శాతం పాయింట్లు ఎక్కువ చెప్పింది. ఆ డిసెంబరులో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చిన సంగతిది.

వంద మంది పెద్దవాళ్లున్న వీధిని తీసుకుంటే, సూది వేయించుకోని 17 మందిని వేయించుకున్నట్టు రాసేశారన్నమాట.

వెయ్యి మందిని అడిగితే కోట్ల మంది సంగతి తెలిసిపోతుందా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా! కాకపోతే జనం ఒకే మంట మీద ఉడికిన అన్నం కాదు. అందుకే మెతుకును చీటీ తీసినట్టు తీయాలి. అలా తీస్తే వెయ్యి మందికి లెక్క అటూఇటూ 3 పాయింట్లకు మించి సాధారణంగా తప్పదు. రెండున్నర లక్షల మందికైతే 0.2 పాయింట్లే. పెద్ద సర్వేను జనం నమ్మింది ఈ ధీమాతోనే.

ఆ ధీమా చీటీలు తీసినప్పుడే చెల్లుతుంది. ఫేస్‌బుక్ సర్వేకు ఆహ్వానం అందినవాళ్లలో జవాబిచ్చింది నూటికి ఒకరే. ఇప్సోస్ మనుషులను ఇంటి చిరునామాల జాబితా నుంచి ఎంచుకుంది, ఇంటర్నెట్ లేని ఇళ్లకు ట్యాబ్లెట్లు కూడా ఇచ్చింది. పరిశోధకుల లెక్కలో, ఆ రెండున్నర లక్షల జవాబుల విలువ చీటీలు తీసి ఎంచిన పది మంది మాటతో సమానం.

వయసు, చదువు చూసి సర్దుకోవచ్చుగా అంటారా? 'వెయిటింగ్' అనే ఈ సర్దుబాటులో, సర్వేలో తక్కువగా దొరికిన వర్గం మాటకు ఎక్కువ తూకం వేస్తారు. ఫేస్‌బుక్ సర్వే వయసు, ఆడా మగా చూసింది గానీ చదువు చూడలేదు. ఇదే ప్రశ్న అడిగిన అమెరికా జనగణన సంస్థ సర్వే చదువునూ లెక్కలోకి తీసుకుంది, అయినా 14 పాయింట్లు ఎక్కువే చెప్పింది. ఒకే వయసు, ఒకే చదువు ఉన్న ఇద్దరిలో కూడా ఫారం నింపే ఓపిక ఉన్నవారికీ లేనివారికీ టీకా విషయంలో తేడా ఉండొచ్చు. ఆ తేడాను ఏ తూకమూ పట్టలేదు.

అసలు చిక్కు అభిప్రాయాల దగ్గర వస్తుంది. వేసిన సూదులకు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు ఉంది, మనసులో మాటకు లేదు. పైగా వేయించుకున్నవాళ్లు, వేయించుకుంటామనేవాళ్లు, వెనకాడేవాళ్లు కలిస్తేనే నూరు. మొదటి గడిలో 17 మంది అదనంగా చేరారంటే, మిగతా రెండు గడుల్లో ఎక్కడో ఆ మేరకు తగ్గాల్సిందే. వాళ్లు రెండో గడివాళ్లయితే ఊళ్లోకి టీకా శిబిరం రావాలి, సూది వేయించుకోవడానికి సెలవు దొరకాలి. మూడో గడివాళ్లయితే తెలిసిన డాక్టరు కూర్చుని మాట్లాడాలి. ఏ గడి నుంచి ఎంతమంది తగ్గారో ఆ సర్వే ఒక్కదాన్నీ పట్టుకుని చెప్పలేం.