పియానో వాదనమునందు ధారణ

స్వరలిపిలో వ్రాయఁబడిన కృతిని, పత్రము నెదుట నుంచుకొనక, ఆద్యంతము వాయించుట యూరపుఖండపు సంగీతసభలలో నొంటిగా పియానో వాయించువారికి సామాన్యధర్మముగా నెంచఁబడుచున్నది. ఈ వాద్యమునకు 88 మెట్లు గలవు. వాదకుని రెండుచేతులును వేర్వేఱు పనులయందు నియుక్తములై యుండును. వయొలీను వాయించువాఁడు తఱుచుగా నొక్క స్వరపంక్తిని జ్ఞప్తియం దుంచుకొనినఁ జాలును. పియానో వాయించువాఁడో, ఏకకాలమున మూఁడు నాలుగు పంక్తులను మోయవలసియుండును. ఒక్క సభలో నట్టి స్వరములు వేలకొలఁదిగా నుండును. ఇంతటి భారమును వహించు ధారణ యెట్టిది? అది యొకప్పుడు నమ్మకముగా నిలిచి, మఱియొకప్పుడు సభామధ్యమున నకస్మాత్తుగా నేల విడిచిపోవును? దానిని స్థిరపఱచు మార్గమెయ్యది? ఈ మూఁడు ప్రశ్నలును విచార్యములు.

ఈ యాచారము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున, ఇతరులు రచించిన కృతిని వాయించునపుడు పత్రము నెదుట నుంచుకొనుటయే మర్యాద. పత్రము లేకుండుట కర్తయెడల నవినయముగాఁ గొందఱకుఁ దోఁచెడిది. 1837వ సంవత్సరమున క్లారా వీక్ (1819–1896) బెర్లిను నగరమున బీథోవెన్ రచించిన 'అప్పాసియొనాటా' యను సొనాటాను పత్రము లేకయే వాయించినపుడు, బెట్టీనా ఫాన్ ఆర్నిమ్ అను రచయిత్రి దానిని గర్వచేష్టగా నెంచి యాక్షేపించెను. ఆ క్లారాయే పిమ్మట రాబర్టు షూమాన్‌ను వివాహమాడి, క్లారా షూమాన్ అను పేరఁ బ్రఖ్యాతి గాంచినది. ఫ్రాంజ్ లిస్ట్ (1811–1886) 1841వ సంవత్సరము డిసెంబరు మొదలు 1842 మార్చి వఱకు బెర్లినులో పదివారములలో 21 సభలు జరిపి, సుమారు 80 కృతులను వినిపించెను. వానిలో నేఁబది పత్రము లేక వాయించినవి. హాన్స్ ఫాన్ బ్యూలో (1830–1894) బీథోవెనుని కడపటి సొనాటాల నైదింటిని ఒక్క సభలోనే ధారణతో వాయించి చూపెను. ఇట్లు సాహసమని తలఁపఁబడిన కార్యము, ఆ శతాబ్దము ముగియునప్పటికి నియమముగాఁ బరిణమించెను.

నియమమైన పిమ్మట నది భయకారణమును అయ్యెను. ఆంటన్ రూబిన్‌స్టైన్ (1829–1894) తన స్వీయచరిత్రమునందు, ఏఁబదియేండ్లు దాఁటినది మొదలు జ్ఞప్తి తప్పునేమో యను శంక తన్ను సభలలో వేధించెనని చెప్పుకొనెను. ఇంగ్లండునందు మైరా హెస్ (1890–1965) తన యుత్తరవయస్సున పత్రమును ముందుంచుకొనియే వాయించెను. రష్యాదేశపు వాదకాగ్రేసరుఁడగు స్వ్యాటొస్లావ్ రిహ్టర్ (1915–1997) 1980 తరువాతి సంవత్సరములలో ధారణను నమ్మక, సభామందిరము నంతటిని చీఁకటిగా నుంచి, పత్రముపై మాత్రము చిన్న దీపము వెలిఁగించుకొని వాయించుట యలవఱచుకొనెను. ఇట్టి మహావిద్వాంసులకే యీ యిక్కట్టు కలిగినచో, ధారణ కేవలము ప్రతిభవలనఁ గాని, పౌనఃపున్యమువలనఁ గాని సిద్ధించునది కాదని స్పష్టము. కావున దాని యంగములను విడఁదీసి చూడవలసియున్నది.

పియానోధారణ యొక్కటియే శక్తివలెఁ గానవచ్చినను, పరిశీలించినచో నది నాలుగు స్మృతుల కూటమి. మొదటిది హస్తస్మృతి, అనేక పర్యాయములు వాయించుటచేత వ్రేళ్లు తమంత తామే మెట్టునుండి మెట్టునకు నడచుట. రెండవది శ్రవణస్మృతి, రాఁబోవు స్వరము ముందుగనే మనస్సునఁ బలుకుట. మూఁడవది దృక్స్మృతి, పత్రమునందలి పుట యొక్క రూపమో, మెట్లపై చేతుల యాకారమో కన్నులకుఁ గట్టినట్లుండుట. నాలుగవది జ్ఞానస్మృతి, కృతి యొక్క నిర్మాణము నెఱిఁగి, ఎచ్చట నేది యేల వచ్చుచున్నదో చెప్పఁగలుగుట.

వీనిలో హస్తస్మృతి మిక్కిలి సులభముగా లభించును, మిక్కిలి దీర్ఘకాలము నిలుచును. అది తక్కిన జ్ఞాపకములనుండి వేఱైనదని చూపు నిదర్శనము గలదు. క్లైవ్ వేరింగ్ అను ఇంగ్లండు సంగీతవిద్వాంసుఁడు 1985వ సంవత్సరమున మెదడునకు సోఁకిన వ్యాధివలన, కొన్ని క్షణములకుఁ బూర్వము జరిగినదానిని సైతము జ్ఞప్తియం దుంచుకొనలేని స్థితికి వచ్చెను. అయినను అతని పియానోవాదననైపుణ్యము చెడకుండెను. నేర్చిన చేతిపని మఱపునకు లోఁబడనంత లోఁతున నాటుకొనునని దీనివలనఁ దెలియుచున్నది.

అయినను నీ హస్తస్మృతియే వాదకుని వంచించునదియు. ఏలయన, అది గొలుసువంటిది. ఒక కదలిక తరువాతి కదలికను లాగును. ఆ కదలిక మఱియొకదానిని లాగును. నడుమ నొక్క లంకె తెగెనా, చేతికి దారి తెలియదు. మొదటికి మరలి, అచ్చటనుండి మరల నడువవలసినదే. ఇంటియొద్ద నీ లంకె తెగుట యరుదు. సభలో వాద్యము క్రొత్తది, మెట్ల బరువు వేఱు, దీపకాంతి వేఱు, గుండె వేగముగాఁ గొట్టుకొనుచుండును. అప్పుడు వాదకుఁడు శంకించి, అంతవఱకు నలవాటుచే నడచుచున్న వ్రేళ్లను బుద్ధిపూర్వకముగా గమనింప నారంభించును. 'తరువాతి స్వరమేది?' యని చేతి నడిగినచో చేయి చెప్పలేదు. అది చేయఁగలదే కాని చెప్పఁజాలదు. ఆ ప్రశ్నకు సమాధానము జ్ఞానస్మృతియం దుండవలయును. అచ్చట లేనిచో వాదనము నిలిచిపోవును.

గొలుసునకు మఱియొక యపాయము గలదు. దారులు చీలుచోట నది యేమఱును. మొజార్టు 1788లో రచించిన 'సి' మేజరు సొనాటా (కోఖెల్ పట్టికలో 545వది) విద్యార్థులందఱు నెఱిఁగినది. దాని మొదటి యంగమునందు ప్రధానవిషయము 'సి' యాధారముగాఁ బ్రారంభమై, రెండవ విషయము 'జి' యాధారముగా వచ్చును. పిమ్మట ప్రధానవిషయము మరల వచ్చునపుడు 'ఎఫ్' యాధారముగా వచ్చి, రెండవ విషయము 'సి' యాధారముగా ముగియును. రెండుచోటులను నడక యొక్కటే; గమ్యము వేఱు. చేతిని మాత్రము నమ్మినవాఁడు రెండవమాఱును మొదటి దారినే పట్టి, కృతిని ముగింపలేక, వచ్చినచోటికే వచ్చుచుండును. ఈ చీలికను బుద్ధితో గుర్తించినవానికి మాత్రము భయము లేదు.

జ్ఞానస్మృతి భారము నెట్లు తగ్గించునో బాఖ్ 1722లో సంకలనము చేసిన గ్రంథమునందలి మొదటి ప్రెల్యూడు (అదియు 'సి' మేజరే) చక్కఁగాఁ జూపును. ఇందు నిలువుగీఁతలచే విడఁదీయఁబడిన ఆవర్తములు 35. దాదాపుగాఁ బ్రతి యావర్తమునందును, ఒక్కసారిగా మ్రోఁగింపఁదగిన యైదు స్వరముల కూటము విడివిడిగా, ఎనిమిదేసి స్వరముల వరుసగా, రెండు మాఱులు పలుకును. స్వరములను లెక్కించువానికి నివి యైదువందలకుఁ బైఁబడును. కూటములను జూచువానికి ముప్పదియైదే. ఇంకను పైనుండి చూచినచో, కృతి 'సి' నుండి బయలుదేఱి, 11వ యావర్తమున 'జి'ని జేరి, 19వ దానియందు 'సి'కి మరలి, 24 మొదలు 31 వఱకు మంద్రస్వరము 'జి'పై నిలిచి, 32 మొదలు తుదివఱకు 'సి'పై విశ్రమించును. అనఁగా జ్ఞప్తియం దుంచుకొనవలసిన మజిలీలు నాలుగైదే. ఐదువందల స్వరములను ఒక్కొక్కటిగా మోయువాఁడు అలసి జాఱవిడుచును. మజిలీల నెఱిఁగినవాఁడు ఎచ్చట జాఱినను మఱియొకచోటఁ బట్టు దొరకించుకొనును.

ఈ విషయమునకు శాస్త్రపరీక్షయుఁ దోడుపడుచున్నది. రోజర్ చాఫిన్ అను మనశ్శాస్త్రవేత్త, గాబ్రియెలా ఇమ్రే అను పియానోవిదుషియు కలిసి, ఆమె బాఖ్ రచితమగు 'ఇటాలియన్ కన్చెర్టో' మూఁడవ యంగమును సాధన చేసిన తీరు నాద్యంతము పరిశీలించిరి; మేరీ క్రాఫర్డుతోఁ గూడి 2002లో దానిని గ్రంథరూపమునఁ బ్రకటించిరి. సాధన చేయునపుడు ఆమె తఱుచుగా ఖండముల మొదళ్లయందే ప్రారంభించి, అచ్చటనే నిలుచుచుండెను. సభలో వాయించునపుడు మనస్సున నుంచుకొనవలసిన గుఱుతులను ముందుగనే యేర్పఱచుకొనెను. రెండేండ్లకుఁ బైఁగా గడచిన పిమ్మట, వాద్యము లేక, మొదటి పుటను జ్ఞాపకమునుండి వ్రాయుమనఁగా, ఖండముల మొదళ్లు చక్కఁగా జ్ఞప్తికి వచ్చెను. మొదలునుండి దూరమైన కొలఁది మఱపు హెచ్చెను. ఖండము యొక్క మొదలు తలుపువంటిదని దీని భావము. కృతికి నెన్ని తలుపులున్నవో ధారణ కంత బలము.

ఈ తత్త్వము భారతీయుల కపరిచితము గాదు. వేదాధ్యయనమునందు సంహితాపాఠముతోఁ దృప్తిపడక, పదపాఠమును, 'ఒకటి రెండు, రెండు మూఁడు' అని సాఁగు క్రమపాఠమును, 'ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు' అని తిరుగు జటాపాఠమును ఏర్పఱచిన పెద్దల యాశయ మిట్టిదే. ఏకధారగా సాఁగు పాఠము నోటికి లొంగిపోయి, బుద్ధి నిద్రించును. దానిని విఱిచి, త్రిప్పి, మరలఁ గూర్చినపుడు ప్రతిపదమును స్వతంత్రముగా నిలుచును. పియానోసాధకుఁడు చేయవలసినదియు నదియే.

కావున ధారణకు సాధనక్రమ మిట్లుండఁదగును. కృతిని వాయింప మొదలుపెట్టుటకు ముందే దాని నిర్మాణమును జదివి, ఖండములను గుర్తించి, సమానభాగములు వేఱుపడు చోటులను గీఁత గీసికొనవలయును. జర్మనీయందు కార్ల్ లైమర్, అతని శిష్యుఁడు వాల్టర్ గీజెకింగ్ (1895–1956) వాద్యమును ముట్టక, పత్రమును మాత్రము చదివి, కృతిని మనస్సునఁ బట్టించుకొను పద్ధతిని బోధించిరి. అది యందఱకు సంపూర్ణముగా సాధ్యము కాకపోయినను, కొలఁదిపాటి యావర్తములతోనైన నభ్యసింపఁదగినది. ఏ వ్రేలితో నే మెట్టును నొక్కవలయునో మొదటనే నిశ్చయించి, దానిని మార్పకుండుట మేలు. వ్రేళ్లు దినమున కొకరీతిగా నడచినచో హస్తస్మృతి యేర్పడదు. ఎడమచేతిని వేఱుగా, పత్రము లేక వాయింపఁగలుగవలయును. ఏలయన శ్రోత చెవి కుడిచేతి రాగము ననుసరించునట్లే, సాధకుని మనస్సును దాని ననుసరించి, ఎడమచేతిని గాలికి వదలివేయును. చివరి ఖండమును మొదటను, దానికి ముందటిదానిని తరువాతను నేర్చినచో, వాయించుకొలఁది నెఱిఁగినచోటికే పోవుచున్నాఁడు గాన ధైర్యము హెచ్చును.

సాధన నంతటిని ఒక్క దినముననే కుప్పవేయక, దినముల నడుమ విడఁదీయుట యావశ్యకము. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో బ్రకటించిన పరిశోధనలవలన, నేర్చినది మొదటి గంటలలో వేగముగను, పిమ్మట మెల్లగను మఱపునకు వచ్చుననియు, విరామముల నడుమఁ జేయు పునశ్చరణ యెక్కువ ఫలించుననియు స్థాపితమయ్యెను. మఱునాఁడు పత్రము తెఱవకముందే జ్ఞాపకము నడుగవలయును. తడఁబడినచోటనే పత్రమును జూడవలయును. ప్రయాసతోఁ దెచ్చుకొన్న జ్ఞాపకము, సులభముగాఁ జూచినదానికంటె నెక్కువగా నిలుచును.

నేర్చుట వేఱు, నేర్చితినని రుజువు చేసికొనుట వేఱు. ఈ రెండవదాని యందే సాధకులు తఱుచుగా నేమఱుదురు. మూఁడు పరీక్షలు పనికివచ్చును. మొదటిది, కృతిని నాలుగవవంతు వేగమున వాయించుట. వేగము తగ్గినపుడు హస్తస్మృతి యొరవడి తప్పును, జ్ఞానము లేనిచోట్లు బయల్పడును. రెండవది, ఖండములకు సంఖ్య లిచ్చి, ఎవరైన నే సంఖ్యను జెప్పిన నచ్చటనుండియే తడవు లేక యారంభించుట. మూఁడవది, పరిచితులైన నలువురి యెదుట, సాధ్యమైనచో వేఱొక వాద్యముపై, ఆఁగక తుదివఱకు వాయించుట. ఈ మూఁటిలోఁ జెడిన కృతి యింటియొద్ద నూఱుసారులు చక్కఁగా వచ్చినను, సభకుఁ దగదు.

ఇంత చేసినను తప్పు రానే రాదని యెవ్వరును జెప్పఁజాలరు. వచ్చినపుడు చేయవలసినదియు ముందే నేర్చియుండవలయును. వెనుకకు మరలుట హస్తస్మృతి యిచ్చు సలహా. అది తప్పినచోటికే మరలఁ గొనివచ్చును. తాళము నిలుపక, తరువాతి మజిలీకి దాఁటుట జ్ఞానస్మృతి యిచ్చు సలహా. శ్రోతలలోఁ బెక్కండ్రు దానిని గమనింపరు.

కడపట నొక ధర్మము గలదు. పత్రము లేకుండుట కళకు సాధనమే కాని ప్రయోజనము కాదు. రిహ్టరును హెస్సును పత్రముతో వాయించినపుడు వారి కళ తగ్గినదని యెవ్వరు ననఁజాలరు. వార్ధక్యమునఁ గాని, భయమునఁ గాని ధారణ సడలినచో, సభను విడుచుటకంటె పత్రమును జేకొనుట మేలు. అయినను పత్రమును ముందుంచుకొనువాఁడును, దాని నక్కఱలేనంతగా నెఱిఁగియుండుటయే యుత్తమము. స్వరములను లెక్కించుచు నేర్చినవాఁడు పత్రమును గోల్పోయినపుడు సర్వమును గోల్పోవును. కృతి యెట్లు కట్టఁబడినదో యెఱిఁగి నేర్చినవాఁడు పత్రమున్నను లేకున్నను దానిని గోల్పోఁడు.