జిల్లా పేరు మారింది, ఫోన్లో మార్చుకున్నారా?

2019లో వచ్చిన మేఘదూత్ యాప్ వాన కబురుతోపాటు మంగళ, శుక్రవారాల్లో పంట సలహా ఇస్తుంది. అయితే మీరు నమోదు చేసిన జిల్లాను బట్టే ఆ కబురు వస్తుంది. మన పాత వరంగల్ జిల్లా 2016లో ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. నమోదు సరిగా లేకుంటే మీకు వచ్చేది పక్క జిల్లా కబురే కావచ్చు. అది నమ్మి పత్తికి మందు కొట్టారనుకోండి, సాయంత్రం వానొస్తే మందు, కూలి రెండూ నీళ్లపాలే. ఈ రోజే సరిచూసుకోండి. చదవడం రాకుంటే పిల్లలతో చూపించుకోండి.

ఇంకో మాట. యాప్ మీ చేనులో పురుగును లెక్కపెట్టదు. లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరుసగా 3 రోజులు బుట్టకు రోజుకు 8 గులాబీ పురుగు రెక్కల పురుగులు పడితే నివారణ మొదలుపెట్టాల్సిందే.