సివిలు అరెస్టు - క్రిమినలు అరెస్టు : భేద విచారము

నోటుబాకీ తీర్చలేనివానిని పోలీసులచే పట్టించెదనని బెదరించుట నేటికిని వినవచ్చుచున్నది. ఆ మాటకు జడిసి ఉన్న ఇల్లు వ్రాసియిచ్చువారును గలరు. కాని ఋణమునకు కలుగు నిర్బంధమును, నేరమునకు కలుగు నిర్బంధమును ఒకటి కావు.

సివిలు అరెస్టునకు మూలము 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు. ఋణదాత మొదట దావా వేసి డిక్రీ పొందవలెను. పిమ్మట అమలు దరఖాస్తు పెట్టుకొనవలెను. సొమ్ము డిక్రీలందు కోర్టువారు బాకీదారుని సమాధానము విని, కారణములు వ్రాసిన పిదపనే సివిలు జైలునకు పంపవలెను. ఆస్తిని దాచుట, పరారి కాజూచుట, శక్తి యుండియు ఎగవేయుట వంటివి రుజువు కావలెను. కేవలము చెల్లింపకపోవుట చాలదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసునందు సుప్రీంకోర్టు నిర్ణయించినది.

అమీనా సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు నివాసగృహమున ప్రవేశింపరాదు. డిక్రీ సొమ్మును, అరెస్టు ఖర్చులను అప్పుడే చెల్లించినచో వెంటనే విడువవలెను. సొమ్ము డిక్రీకై స్త్రీని అరెస్టు చేయరాదు. ఖైదీ బత్తాను డిక్రీదారే భరింపవలెను. డిక్రీ మొత్తము రూ. 2,000 మించనిచో జైలు లేదు, రూ. 5,000 వరకు ఆరు వారములు, అంతకు మించినచో మూడు నెలలు గరిష్ఠావధి. విడుదలయైనను బాకీ తీరదు. కాని అదే డిక్రీపై మరల అరెస్టు చేయరాదు.

క్రిమినలు అరెస్టునకు ఉద్దేశము ధనవసూలు గాదు, నేరవిచారణ. 1973 నాటి కోడు స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. కాగ్నిజబులు నేరములందు పోలీసులు వారంటు లేకయే అరెస్టు చేయవచ్చును. ఐనను కారణములు తెలిపి, బంధువులకు కబురంపి, ప్రయాణకాలము గాక 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెను. అసాధారణ పరిస్థితులందు దక్క స్త్రీని రాత్రివేళ అరెస్టు చేయరాదు.

ఈ రెండును కలిసినట్లు తోచు తావులు కొన్ని కలవు. మొదటినుండియు మోసబుద్ధితో సొమ్ము పుచ్చుకొనుట నేరము. నిధులు చాలక చెక్కు తిరిగివచ్చి, నోటీసు అందిన పిదప 15 దినములలో చెల్లింపనిచో రెండేండ్ల వరకు శిక్ష కలుగవచ్చును. అదియు మేజిస్ట్రేటు కోర్టున ఫిర్యాదు మూలముననే నడచును.

బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాములందలి తెలుగువారికిని ఈ కేంద్ర చట్టములే వర్తించును. ఒక రాష్ట్రమున పొందిన డిక్రీని బాకీదారు నివసించు వేరొక రాష్ట్రపు కోర్టునకు అమలునకై పంపవచ్చును. కావున పరభాషలో నున్న కాగితము చేతికి వచ్చినపుడు భయపడుటకు ముందు విచారింపవలసినవి రెండు: అది కోర్టువారిదా, పోలీసువారిదా? ఋణమునకై వచ్చినదా, నేరమునకై వచ్చినదా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకినగాని ఎక్కడను సంతకము చేయరాదు.